మడత మంచం ఎత్తేది ఎవరు? ఫర్నిచర్ తయారీదారులకు, ఆర్కిటెక్టులకు, బిల్డర్లకు, ప్రమాణాల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఒకే గది ఉన్న ఇంట్లో ముగ్గురం ఉంటున్నాం: నేను, డెబ్భై దాటిన మా అమ్మ, బడికెళ్లే మా అబ్బాయి. పొద్దున గోడలోకి ఎత్తిపెట్టే మంచం, గోడకు వాల్చే బల్ల, రాత్రి విప్పితే పక్కగా మారే సోఫా, వీటి మీదే మా రోజు నడుస్తోంది. ఈ వస్తువుల మీద నాకు కోపం లేదు. ఇవే లేకపోతే మా అబ్బాయి పుస్తకం పెట్టుకోవడానికి నేల తప్ప చోటుండదు. ఇవి మాకు అవసరం కాబట్టే, ఇవి ఎలా తయారవుతున్నాయో, ఎలా అమ్ముడవుతున్నాయో, ఎలా పాడవుతున్నాయో మీ ముందు పెడుతున్నాను.

ముందు జరిగింది చెబుతాను. మంచం కొన్నప్పుడు దుకాణంలో ఒక యువకుడు ఒంటి చేత్తో ఎత్తి చూపించాడు. ఏ పరుపైనా వేసుకోవచ్చన్నాడు. అమ్మ నడుం నొప్పికి పనికొస్తుందని కాస్త మందం పరుపు వేశాం. ఏడాది తిరిగేసరికి మంచం దింపుతుంటే సగం దాటాక ఆగకుండా పడిపోవడం మొదలైంది. మనం హైడ్రాలిక్ పంపు అని పిలిచే గ్యాస్ స్ప్రింగు బలం తగ్గిపోయింది. ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు అమ్మ ఒక్కతే దింపబోయింది. మంచం జారింది, మణికట్టు బెణికింది. నెలన్నర పట్టీతో ఉంది.

తయారుచేసిన సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను, రెండుసార్లు ఫోన్ చేశాను. గ్యారంటీ అయిపోయిందన్నారు. ఆ మోడల్ ఆపేశామన్నారు. స్ప్రింగు విడిగా అమ్మేది లేదన్నారు, మంచం మొత్తం మార్చుకోమన్నారు. మూడో ఉత్తరానికి జవాబే లేదు. చివరికి ఒక వడ్రంగి మేస్త్రి వచ్చి విప్పి చూశాడు. గోడకు బిగించిన రెండు స్క్రూలు వదులైపోయి ఉన్నాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డులో మడతబందు పట్టున్న చోట పొడి రాలుతోంది. ఆయన ఆ చోట ప్లైవుడ్ పట్టీ వేసి, ఇటు నుంచి అటు బోల్టులు దింపి, స్ప్రింగులు మార్చి వెళ్లాడు. వెళ్తూ ఒక మాట అన్నాడు: "అమ్మా, ఇది మంచం కాదు, మిషను. మిషనులాగే చూసుకోవాలి."

ఆ మాటే ఈ ఉత్తరానికి ఆధారం. కదలకుండా నిలబడే మంచానికి కాళ్లు గట్టిగా ఉంటే చాలు. రోజూ లేచి దిగే మంచానికి ఇరుసు ఉంటుంది, స్ప్రింగు ఉంటుంది, లాకు ఉంటుంది, అరిగే భాగాలుంటాయి, మీద పడే బరువుంటుంది. రోజుకొకసారి ఎత్తి ఒకసారి దింపితే ఏడాదికి 730 కదలికలు, పదేళ్లకు 7,300. మధ్యాహ్నం నడుం వాల్చే పెద్దవాళ్లుంటే ఆ లెక్క రెట్టింపు. మీరు దాన్ని బీరువా లాగా అమ్ముతున్నారు, మేము యంత్రం లాగా వాడుతున్నాం. మా ఇబ్బందులన్నీ ఈ తేడాలోంచే వస్తున్నాయి.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలోని షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడిపిన సారా గుడ్ అనే ఆమె 1885లో మడత మంచానికి పేటెంటు పొందారు. మడిచిపెడితే అది రాత బల్లగా మారేది. పుట్టుకతో బానిసగా ఉన్న ఆమె, అమెరికాలో పేటెంటు పొందిన తొలి నల్లజాతి మహిళల్లో ఒకరు. ఇరుకు ఇళ్లలో మంచానికి చోటు లేదన్న కొనుగోలుదారుల బాధ విని ఆమె ఆ పని చేశారు. ఆ పేటెంటు పత్రంలో ఆమె మొట్టమొదట రాసుకున్న ఉద్దేశం చోటు మిగల్చడం కాదు. మడిచే భాగాల బరువును సమతూకం చేయడం, అంటే సులువుగా ఎత్తి దింపగలిగేలా చేయడం. రెండోది, విప్పాక ఆ భాగాలు కదలకుండా గట్టిగా నిలబడడం. వాడేవాళ్ల మాట చెవిన పెట్టిన మనిషికి ఏది ముందో తెలిసింది. నూట నలభై ఏళ్ల తర్వాత మేము అడుగుతున్నదీ అదే.

మా ఇళ్లలో జరుగుతున్నవి ఇవి.

1. మడవడం మానేస్తున్నాం. దీన్ని చిన్న విషయంగా చూడకండి. మంచం ఎత్తాలంటే ముందు దుప్పట్లు, దిళ్లు తీసి ఎక్కడో పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? పెట్టే చోటుంటే ఈ మంచమే అక్కర్లేదు కదా. ఆ తర్వాత స్టూలు జరపాలి, బల్ల మీది సామాను తీయాలి, బల్ల మడవాలి. దింపేటప్పుడు ఇదంతా తిరగేసి చేయాలి. నాలుగు పనులు దాటిన ఏ మడతైనా మూడు నెలల్లో ఆగిపోతుందని మా ఇంట్లోనూ, తెలిసినవాళ్ల ఇళ్లలోనూ చూశాను. ఆగిపోయిన రోజు నుంచి ఆ వస్తువు మామూలు మంచం కంటే ఎక్కువ చోటు తింటుంది, ఎందుకంటే మంచంతో పాటు దాని పెట్టె కూడా గదిలోనే ఉంటుంది. ఆరున్నర అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున్న మంచం విప్పితే 200 చదరపు అడుగుల గదిలో దాదాపు ఆరో వంతు పోతుంది. దీనికి పరిష్కారాలు లేక కాదు. పరుపును, దుప్పటిని పట్టీలతో కట్టి లోపలే ఉంచే మంచాలున్నాయి. మంచం దిగుతుంటే బల్ల దానంతటది సమతలంగా కిందికి జారి, మీది పుస్తకాలు, గ్లాసు కదలకుండా మంచం కిందే ఆగే ఏర్పాటూ ఉంది. కానీ అవి మామూలు ఇళ్లకు చేరడం లేదు.

2. బలం లేని చేతులు ఓడిపోతున్నాయి. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణులు, జబ్బుచేసినవాళ్లు. మంచం ఎత్తి చూపేది మాత్రం మీ దుకాణంలోని యువకుడు. గ్యాస్ స్ప్రింగును ఒక బరువుకు లెక్కగట్టి అమరుస్తారు. పరుపు అంతకంటే బరువైతే మంచం ధబాలున పడుతుంది, తేలికైతే దింపిన మంచం తనంతట తానే పైకి లేవబోతుంది. చలికి ఆ స్ప్రింగు లోపలి ఒత్తిడి తగ్గుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ గ్యాసు కొద్దికొద్దిగా పోతుంది. ఇవన్నీ మీకు తెలుసు. మా చేతికిచ్చే కాగితంలో మాత్రం ఒక్క ముక్కా ఉండదు.

3. ప్రాణాల మీదికి వస్తోంది. 2022లో అమెరికాలో లక్షకు పైగా గోడ మంచాలను వెనక్కి పిలిపించారు. అవి గోడ నుంచి ఊడి మనుషుల మీద పడ్డాయి, 79 ఏళ్ల ఒక మహిళ చనిపోయారు. సొరుగుల బీరువాలు పిల్లల మీద పడి చనిపోయిన సంఘటనలు ఏళ్ల తరబడి జరిగాక, బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులే పోరాడి ఆ దేశంలో 2022 చివర్లో చట్టం తెప్పించారు. 2023 సెప్టెంబరు నుంచి అలాంటి బీరువాలు ఒరిగిపోకుండా ఉంటాయో లేదో పరీక్షించడం అక్కడ తప్పనిసరి అయింది. ప్రతి వస్తువుకూ కొందరు బిడ్డలు పోయాకే నిబంధన రావాలా? వేళ్లు నలగడం సంగతి వేరే చెప్పాలి. మడతబందు దగ్గరి సందు వేలు దూరలేనంత సన్నగానన్నా ఉండాలి, దూరినా నలగనంత వెడల్పుగానన్నా ఉండాలి. మా సోఫా సందు సరిగ్గా పిల్లల వేలంత ఉంది.

4. అద్దె ఇంట్లోవాళ్లకు ఇవి అందడం లేదు. గోడకు కన్నం పెడితే ఇంటి యజమాని ఒప్పుకోడు. ఒప్పుకున్నా ఇల్లు మారేటప్పుడు విప్పిన పార్టికల్ బోర్డు రెండోసారి స్క్రూ పట్టదు. చిన్న ఇళ్లలో ఉండేవాళ్లలో చాలామంది అద్దెకున్నవాళ్లే, ఈ వస్తువులు మాత్రం సొంత గోడ ఉన్నవాళ్ల కోసమే తయారవుతున్నాయి.

5. పరుపుకు గాలి ఆడదు. రాత్రంతా ఒంటి చెమ్మ పీల్చిన పరుపును లేచిన వెంటనే పెట్టెలో మూసేస్తే వెనక గోడకు బూజు పడుతుంది. వెనక పలకకు గాలి రంధ్రాలు వేస్తే సరిపోయే పని.

6. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ మాట్లాడనిది. మడత వస్తువు రెండు పనులు చేస్తుంది, కానీ రెండూ ఒకేసారి చేయదు. అది గదిని పంచదు, గదిలోని పొద్దును పంచుతుంది. ఒక్కరే ఉండే ఇంట్లో ఇది బ్రహ్మాండంగా సాగుతుంది, ఒకే మనిషి నిద్రపోతూ బల్ల దగ్గర కూర్చోడు కదా. ముగ్గురు, నలుగురు ఉన్న ఇంట్లో ఒకరి నిద్ర మరొకరి చదువును లేపేస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు పగలు పడుకోవాలి. అమ్మకు జ్వరమొస్తే వారం రోజులు మంచం విప్పే ఉంటుంది, ఆ వారం మా అబ్బాయికి బల్ల లేదు. పరీక్షల్లో అలా మూడు రోజులు మెట్ల మీద కూర్చుని చదివాడు. ఆ మూడు రోజులు అమ్మ లోపల పడుకుని, వాడి చోటు తాను ఆక్రమించానని బాధపడింది. జబ్బు మనిషికి ఆ బాధ ఎందుకు పెట్టాలి?

హాంకాంగ్ ఆర్కిటెక్టు గ్యారీ చాంగ్ ఇంటిని అందరూ ఉదాహరణగా చూపిస్తారు. 32 చదరపు మీటర్ల ఇల్లు. పైకప్పుకు వేసిన పట్టాల మీద గోడలు జరుగుతాయి, ఆ ఒక్క గది 24 రకాలుగా మారుతుంది. ఆ పనితనానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. అయితే అదే ఇంట్లో ఆయన చిన్నతనంలో తల్లిదండ్రులతో, ముగ్గురు చెల్లెళ్లతో ఉన్నారు. ఆ 24 రకాల గది వచ్చింది ఆయన ఒక్కరే ఉంటున్న కాలంలో. ఆ ఇంటి ఫొటో చూపించి కుటుంబాలకు 32 చదరపు మీటర్లు చాలునని చెప్పే బిల్డర్లు ఈ సంగతీ చెప్పాలి.

కుటుంబం కోసం ఆలోచించి కట్టిన ఇళ్లు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1924లో ట్రూస్ ష్రోడర్ అనే ఆమె తన ముగ్గురు పిల్లలతో ఉండడానికి ఆర్కిటెక్టు రీట్‌ఫెల్ట్ చేత ఇల్లు కట్టించుకున్నారు. పై అంతస్తులో జరిపే గోడలుంటాయి. పగలు తెరిస్తే ఒకే పెద్ద గది, రాత్రి మూస్తే ఎవరి గది వారిది. ఆ గోడల పట్టాలు ఇంటితో పాటే పుట్టాయి, తర్వాత తెచ్చి తగిలించినవి కావు. అందులో ఉండబోయే ఆమె నకషా గీసే దగ్గర కూర్చున్నారు. ఆ ఇంట్లో 1985లో చనిపోయేదాకా, అరవై ఏళ్లు ఉన్నారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్‌కీ రూపొందించిన వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఇస్త్రీ బల్ల గోడకు వాల్చి ఉండేది. నగరం కట్టించిన సామాన్యుల ఇళ్లలో అలాంటివి వేల సంఖ్యలో ఇంటితో పాటే బిగించి ఇచ్చారు. ఎవరూ విడిగా కొనుక్కోలేదు, విడిగా బిగించుకోలేదు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని మేము అడుగుతున్నవి ఇవి.

తయారీదారులను:

1. ప్రతి మడత వస్తువు మీద చెరగని చీటీ అంటించండి. మూసినప్పటి కొలత, విప్పినప్పటి కొలత, మధ్యలో అది తిరిగే దారికి కావాల్సిన ఖాళీ, ఎత్తడానికి ఎన్ని కిలోల బలం కావాలో, ఎంత బరువు పరుపుకు స్ప్రింగు అమర్చారో, ఎన్నిసార్లు మడిచి విప్పి పరీక్షించారో అందులో ఉండాలి. ఇప్పుడు మూసిన కొలత పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. విప్పిన కొలత కోసం దుకాణంలో మేమే టేపు పట్టుకుని కొలుచుకోవాల్సి వస్తోంది.

2. స్ప్రింగులు, మడతబందులు, లాకులు, ఛానళ్లు విడిగా అమ్మండి, పదేళ్లపాటు అమ్మండి. యూరోపియన్ యూనియన్‌లో బట్టలుతికే మిషన్ల విడిభాగాలను కనీసం పదేళ్లు అందుబాటులో ఉంచాలని 2021 మార్చి నుంచి నిబంధన ఉంది. బట్టలుతికే మిషను తలమీద పడదు. పడే వస్తువుకు అంతకంటే తక్కువ హామీ ఎలా సరిపోతుంది? మోడల్ ఆపేసినా భాగాల కొలతలు బయటపెట్టండి, మా వడ్రంగులు చూసుకుంటారు.

3. మడతబందులు, బరువు మోసే చోట్లలో పార్టికల్ బోర్డు వాడకండి. మిగతా చోట్ల మీ ఇష్టం.

4. గోడకు బిగించే వస్తువును మీ మనిషే బిగించాలి, గోడ దేనితో కట్టారో చూసి తగిన బోల్టులు వేయాలి. బోలు ఇటుక గోడకు, జిప్సమ్ బోర్డు గోడకు, కాంక్రీటు గోడకు ఒకే స్క్రూ ప్యాకెట్టు ఇవ్వడం ఇకనైనా ఆపండి. ఏడాదికోసారి వచ్చి బిగింపు సరిచూడండి. అద్దె ఇళ్ల కోసం గోడ అవసరం లేకుండా బరువైన అడుగుతో నిలబడే రకాలు చేయండి.

ఆర్కిటెక్టులను, బిల్డర్లను:

5. నకషాలో మంచం విప్పి గీయండి. బల్ల కూడా విప్పి గీయండి, ఒకే సమయంలో. అప్పుడు మనిషి నడవడానికి 75 సెంటీమీటర్లు మిగిలిందా? చక్రాల కుర్చీ పోవడానికి 90, తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసమున్న చోటు మిగిలిందా? ప్రకటనల్లో గదిని ఎప్పుడూ మంచం మూసే చూపిస్తున్నారు. మేము రోజులో మూడో వంతు ఆ గదిలో మంచం విప్పే ఉంటాం.

6. ఏ గోడ బరువు మోస్తుందో, ఎక్కడ పైపులు, కరెంటు తీగలు పోతున్నాయో చూపే పటం ఇంటి తాళాలతో పాటు ఇవ్వండి. ఒక గోడనైనా బరువు బిగించడానికి అనువుగా కట్టి, ఆ గోడ మీద స్విచ్చులు, ప్లగ్గులు పెట్టకండి.

7. మడత ఫర్నిచర్ ఉంది కదా అని ఇల్లు ఇంకా కుదించకండి. ఈ విషయంలో మేము వెనక్కి తగ్గం. ఇరుకులో ఉన్నవాళ్లకు ఊరట కావాల్సిన వస్తువు, ఇంకా ఇరుకు కట్టడానికి సాకు కాకూడదు. ఎంతమంది ఉండే ఇల్లయినా, ఒక మనిషి పగలంతా పడుకోగల చోటు, దానితో సంబంధం లేకుండా మరొకరు కూర్చుని పనిచేసుకోగల చోటు, ఈ రెండూ మడతలతో పని లేకుండా ఉండాలి.

ప్రమాణాల అధికారులను:

8. యూరప్‌లో మడత మంచాల భద్రతకు ఈఎన్ 1129 అనే ప్రమాణం 1995 నుంచీ ఉంది. దారి ఎవరూ కొత్తగా వేయనక్కర్లేదు. గోడ మంచాలు, సోఫా కమ్ బెడ్‌లు, మీదికి మంచం దిగే బల్లలు, వీటికి బరువైన పరుపుతో, వేలసార్ల మడతతో, ఒక్క స్ప్రింగు తెగిపోయిన స్థితిలోనూ పరీక్ష తప్పనిసరి చేయండి. ఎత్తడానికి కావాల్సిన బలానికి గరిష్ఠ హద్దు పెట్టండి. ఆ హద్దు యువకుడి చేతిని బట్టి కాక, డెబ్భై ఏళ్ల మనిషి చేతిని బట్టి ఉండాలి.

9. ఇళ్లలో జరిగే ప్రమాదాలు నమోదయ్యే చోటు ఒకటి ఏర్పాటు చేయండి. మా అమ్మ మణికట్టు సంగతి ఆసుపత్రి చీటీలో "జారిపడింది" అని ఉంది. మంచం పేరు ఎక్కడా లేదు.

వడ్రంగి మేస్త్రులతో ఒక్క మాట. మీ దగ్గరికి మేము ఆఖర్న వస్తున్నాం, మొదట రావాల్సింది. పాతవాటిని విప్పి బాగుచేసేటప్పుడు ఏది ఎక్కడ విరుగుతోందో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ వివరాలు రాసిపెట్టండి, తయారీదారులు అడగకపోయినా చెప్పండి.

పై తొమ్మిది విషయాల మీద ఏది చేయగలరో, ఏది ఎందుకు చేయలేరో మూడు నెలల్లో బహిరంగంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఈ లేఖతో ఏకీభవించి సంతకాలు చేసి పంపేవాళ్లు తమ ఇంట్లో విప్పిన మంచం కొలత, మిగిలిన ఖాళీ కొలత కూడా సంతకం పక్కన రాయండి. మా గదిలో మంచం విప్పాక అటువైపు గోడకు మిగిలింది 41 సెంటీమీటర్లు.

ఇట్లు,
ఒక గది ఇంట్లో ఉంటున్న ఒక తల్లి